ఆరో వారం దాకా నిలిచే ఆట: పిల్లల ఒళ్ళు కదిలించే వీడియో గేముల్లో ఏది ఎంచుకోవాలి?

మేముండేది కూకట్‌పల్లిలో, మూడో అంతస్తు ఫ్లాట్‌లో. కింద సెల్లార్ నిండా కార్లు, గేటు దాటితే బండ్లు. పిల్లలు పరిగెత్తడానికి జాగా లేదు. బాబుకి పదేళ్ళు, పాపకి ఆరు. స్కూలు బస్సు దిగి, హోంవర్కు ముగించేసరికి చీకటి పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఆరైనా ఎండ వేడి దిగదు, జూలై వస్తే వాన. రెండేళ్ళ కింద ఒక డాక్టరుగారు బాబు బరువు చూసి, రోజూ గంటసేపు ఒళ్ళు కదలాలని చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కూడా అదే: 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు కాస్త గట్టి శారీరక శ్రమ ఉండాలి.

వాడేమో టీవీ ముందు నుంచి లేవడు. ఆ టీవీతోనే లేపుదామని అనుకున్నాం. అప్పట్నుంచి కొన్ని గేములు కొన్నాం, కొన్ని చుట్టాల దగ్గర తెచ్చుకుని ఆడించాం, కొన్ని వద్దనుకున్నాం. ఇదే ఆలోచనలో ఉన్న అమ్మానాన్నలకి, ఏది ఏ ఇంటికి సరిపోతుందో చెప్పడానికి ఇది రాస్తున్నాను.

ముందు రెండు పరీక్షలు

మొదటిది పాట పరీక్ష. పిల్లాడు ఆడుతున్నప్పుడు మీతో మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేకపోవాలి. అంత ఆయాసం వస్తేనే అది కాస్త గట్టి శ్రమ. తీరిగ్గా పాట పాడుతూ ఆడుతున్నాడంటే ఆ గేము వల్ల కాలక్షేపం అవుతుంది తప్ప వ్యాయామం కాదు. ఏ యంత్రమూ అక్కర్లేని ఈ పరీక్షని పెద్దవాళ్ళకి డాక్టర్లు కూడా చెబుతుంటారు.

రెండోది ఆరో వారం పరీక్ష. 2016లో, ఫోన్ పట్టుకుని బయట నడుస్తూ ఆడే పోకెమాన్ గో గేము ప్రపంచమంతా ఊపేసినప్పుడు, అమెరికాలో 18 నుంచి 35 ఏళ్ళ వాళ్ళ మీద చేసిన అధ్యయనం ఒకటి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. గేము పెట్టుకున్న మొదటి వారం వాళ్ళు రోజుకి సగటున 955 అడుగులు ఎక్కువ నడిచారు. ఆరో వారానికి ఆ పెంపు కరిగిపోయి, ముందెంత నడిచేవాళ్ళో అంతకే వచ్చేశారు. పెద్దవాళ్ళకే అలా జరిగితే పిల్లల సంగతి వేరే చెప్పాలా. మా ఇంట్లో కొత్త గేము వచ్చిన మొదటి పది రోజులు పండగే. ఆ పది రోజుల్ని చూసి మురిసిపోయి దేన్నీ కొనకండి.

మరి ఆరో వారం దాకా నిలబెట్టేది ఏమిటి? దీనికి రెండు అధ్యయనాలు పక్కపక్కన పెట్టి చూస్తే జవాబు దొరుకుతుంది. హ్యూస్టన్‌లోని బేలర్ మెడికల్ కాలేజీ పరిశోధకులు పిల్లలకి నింటెండో వీ కన్సోల్ (టీవీకి కలిపి గేములాడే యంత్రం) ఇచ్చి, కొందరికి ఒళ్ళు కదిలించే గేములు, కొందరికి కూర్చుని ఆడే గేములు ఇచ్చారు. ఎంతసేపు ఆడాలో, ఎలా ఆడాలో చెప్పలేదు. 13 వారాలు కొలిచి చూస్తే రెండు గుంపుల పిల్లల కదలికలో తేడా లేదు. ఆ ఫలితాలు 2012లో వచ్చాయి. 2018లో లూసియానా నుంచి ఇంకో అధ్యయనం వచ్చింది. అందులో 10 నుంచి 12 ఏళ్ళ, బరువు ఎక్కువున్న పిల్లలకి, ఒంటి కదలికని చూసే కైనెక్ట్ కెమెరా ఉన్న ఎక్స్‌బాక్స్ కన్సోల్ ఇచ్చారు. వారానికి మూడు రోజులు, గంట చొప్పున, ఇంట్లోవాళ్ళతోనో స్నేహితులతోనో కలిసి ఆడమన్నారు. ఒక కోచ్ వీడియో కాల్‌లో పలకరిస్తూ ఉండేవారు. 24 వారాల తర్వాత ఆ పిల్లల వయసుకి, ఎత్తుకి తగ్గ బరువు లెక్క కొంత మెరుగైంది.

రెండు చోట్లా ఇచ్చింది గేములే. రెండో చోట పక్కన మనిషి ఉన్నాడు, వారానికి ఇన్ని రోజులన్న లెక్క ఉంది. అందుకే ఎవరు ఏ గేము గురించి అడిగినా నేను ముందు అడిగే ప్రశ్న ఒకటే: దీన్ని పిల్లాడితో కలిసి మీ ఇంట్లో ఎవరు ఆడతారు?

డబ్బు ఖర్చు లేనిది ముందు

ఏదైనా కొనే ముందు రెండు వారాలు ఉచితంగా దొరికేదాంతో ప్రయత్నించండి. టీవీలో యూట్యూబ్ పెట్టుకుని, పిల్లలకోసం చేసిన డాన్స్, యోగా, వార్మప్ వీడియోలు చూస్తూ చేయడం. గోనూడుల్ లాంటివి ఐదారేళ్ళ పిల్లలకి బాగుంటాయి. మాటలు ఇంగ్లిషులో ఉన్నా చూసి చేసేస్తారు. మా పాపకైతే తెలుగు సినిమా పాటలే కావాలి. వరసగా మూడు పాటలకి గెంతితే దానికి చెమట పడుతుంది, పాట పరీక్ష పాసైపోతుంది.

లోపం ఏమిటంటే వీడియో మార్కులు వేయదు. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకి గెలవడం, లెవెల్ ఎక్కడం కావాలి. మా బాబు నాలుగో రోజుకే బోర్ అన్నాడు. ఆరేళ్ళలోపు పిల్లలున్న ఇంటికి మాత్రం నా సలహా ఇక్కడితోనే ఆగిపోమని. మూడు నాలుగేళ్ళ పిల్లలకైతే రోజు మొత్తం మీద స్క్రీన్ గంటకి మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది, కాబట్టి వాళ్ళకోసం కన్సోల్ కొనే ఆలోచనే వద్దు.

స్విచ్ కొనాలా, పాత కైనెక్ట్ చాలా?

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. అందుకే వివరంగా చెబుతాను.

నింటెండో స్విచ్ అనే కన్సోల్‌లో మన పనికొచ్చే గేములు ముఖ్యంగా రెండు. 2019లో వచ్చిన రింగ్ ఫిట్ అడ్వెంచర్, 2022లో వచ్చిన స్విచ్ స్పోర్ట్స్. రింగ్ ఫిట్‌లో చేతిలో ఒక రింగు, తొడకి ఒక పట్టీ ఉంటాయి. నిలబడిన చోటే పరిగెత్తితే తెరమీద బొమ్మ పరిగెత్తుతుంది, గుంజీల్లాంటివి తీస్తే రాక్షసుడికి దెబ్బ తగులుతుంది. నేను చూసిన గేముల్లో ఒళ్ళు ఇంతగా వంచేది ఇంకోటి లేదు. పాట పరీక్షలో బాబుకే కాదు, నాకూ పాట రాలేదు. శ్రమ ఎంత ఉండాలో తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. అపార్ట్‌మెంట్ వాళ్ళకి ఇంకో మేలుంది. మా బాబు వారం రోజులు దబదబా పరిగెత్తేసరికి కింది ఫ్లాట్ ఆంటీ పైకొచ్చి, "మా ఫ్యాన్ ఊగిపోతోందమ్మా" అన్నారు. అప్పుడు వెతికితే సెట్టింగ్స్‌లో చప్పుడు లేని మోడ్ కనిపించింది. అది పెడితే పరుగు బదులు మోకాళ్ళు వంచి లేస్తే చాలు, బొమ్మ ముందుకెళ్తుంది. కింద ఒక మందపాటి యోగా మ్యాట్ కూడా వేశాం. ఆంటీ మళ్ళీ రాలేదు.

కానీ రింగ్ ఫిట్ కథ ఒక్కరు ఆడేది. పక్కన మనిషికి పెద్దగా చోటు లేదు. మా ఇంట్లో అది సరిగ్గా ఆరో వారంలోనే మెల్లగా మూలకి చేరింది. దాన్ని మళ్ళీ బయటికి తీసింది మావారు: "నువ్వొక లెవెల్, నేనొక లెవెల్, ఎవరు ముందు పడిపోతారో చూద్దాం" అని పందెం కట్టారు. పందెం ఉన్నన్ని రోజులూ అది ఆడుతున్నాడు.

స్విచ్ స్పోర్ట్స్ దీనికి తిరగేసినట్టు ఉంటుంది. ఇంటిల్లిపాదీ ఆడొచ్చు. మా మామగారు డెబ్బై ఏళ్ళ వయసులో మనవడితో బౌలింగ్ ఆడి గెలిచారు. అయితే బౌలింగ్ ఆడుతూ హాయిగా కీర్తన పాడుకోవచ్చు. బ్యాడ్మింటన్ కాస్త నయం గానీ, పది రోజులకే పిల్లలు కిటుకు కనిపెడతారు: మణికట్టు తిప్పితే చాలు, కాళ్ళు కదపక్కర్లేదు. కూర్చుని ఆడే గేములకంటే ఇవి ఎక్కువ శక్తి ఖర్చు చేయిస్తాయి, నిజమైన ఆటకంటే తక్కువ. బ్రిటన్‌లో 2007లోనే, వీ కన్సోల్‌లో ఆడే ఇలాంటి గేము వీ స్పోర్ట్స్ మీద కొలిచి ఈ మాట చెప్పారు. సైనా, సింధు ఆడి పెరిగిన ఊళ్ళో ఉన్నాం. టీవీలో బ్యాడ్మింటన్ నచ్చిన పిల్లాడికి నెల తిరక్కుండా నిజం రాకెట్ కొనివ్వండి. వేసవిలో జీహెచ్ఎంసీ పెట్టే సమ్మర్ కోచింగ్ క్యాంపుల్లో చేర్పిస్తే ఇంకా మంచిది.

స్విచ్ కొనేవాళ్ళకి రెండు జాగ్రత్తలు. లైట్ మోడల్ తీసుకోవద్దు. అది టీవీకి కలవదు, కంట్రోలర్లు ఊడిరావు. ఇక మన దగ్గర దొరికేది ఎక్కువగా బయటినుంచి తెప్పించిన సరుకు కాబట్టి వారంటీ ఎవరు ఇస్తున్నారో బిల్లు మీద రాయించుకోండి. అమెరికా నుంచి అన్నయ్యో అక్కో తెస్తానంటే తెమ్మనండి. స్విచ్ అడాప్టర్ మన కరెంటుకీ పనిచేస్తుంది, ప్లగ్గు పిన్ను మార్చుకుంటే చాలు.

పాత ఎక్స్‌బాక్స్ 360 విషయంలో మాత్రం ఇలా కుదరదు. అమెరికా సెట్టు పవర్ అడాప్టర్ అక్కడి 110 వోల్టుల కోసం చేసింది. తిన్నగా మన ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. ఇక్కడి 220 వోల్టుల అడాప్టర్ ఉందో లేదో చూశాకే డబ్బివ్వండి.

ఆ 360కి అమర్చే కెమెరానే కైనెక్ట్. 2010లో వచ్చింది, 2017లో మైక్రోసాఫ్ట్ తయారీ ఆపేసింది. ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో తప్ప దొరకదు. కొత్త స్విచ్ ధరలో చిన్న భాగానికే వస్తుంది. పాతదని తీసిపారేయకండి. చేతిలో ఏమీ పట్టుకోనక్కర్లేదు, కెమెరా ఒళ్ళంతా చూస్తుంది. గెంతమంటే గెంతాల్సిందే, వంగమంటే వంగాల్సిందే. మణికట్టు కిటుకు దీని దగ్గర చెల్లదు. ఇద్దరు పక్కపక్కనే ఆడొచ్చు. లూసియానా అధ్యయనంలో వాడింది కూడా కైనెక్ట్‌నే అని పైన చెప్పాను. పాట పరీక్షలోనూ, ఆరో వారం పరీక్షలోనూ మా ఇంట్లో నెగ్గింది ఇదే. మా మరిది ఇంట్లో అటక మీద పడున్నదాన్ని తెచ్చుకున్నాం.

దీనికి కావలసింది జాగా. ఒకరికి కెమెరా నుంచి ఆరడుగులు, ఇద్దరికైతే ఎనిమిదడుగుల దూరం ఉండాలి. కొనేముందు టేపు పట్టి హాలు కొలవండి. సోఫా వెనక్కి జరిపి, టీపాయ్ తీసేస్తే మా హాల్లో సరిగ్గా తొమ్మిదడుగులొచ్చింది. సికింద్రాబాద్ పార్క్‌లేన్ వైపు షాపుల్లోనో, తెలిసినవాళ్ళ దగ్గరో కొంటుంటే అక్కడే టీవీకి కలిపి ఆడించి చూడండి. పాత లావు మోడల్ 360 అయితే కైనెక్ట్‌కి వేరే పవర్ వైరు కావాలి, అది ఉందో లేదో అడగండి. గేముల డిస్కులు కలిపి ఇచ్చేదే తీసుకోండి. 360 ఆన్‌లైన్ స్టోర్‌ని 2024 జూలైలో మూసేశారు, తర్వాత గేములు కొనుక్కుందామంటే దారి లేదు. కొత్త ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్, సిరీస్ ఎక్స్‌లకి కైనెక్ట్ అసలు పనిచేయదు. ఎవరైనా పనిచేస్తుందని చెబితే నమ్మవద్దు.

తెరమీద చూపించినట్టు డాన్స్ చేసే గేము జస్ట్ డాన్స్ గురించి చాలామంది అడుగుతారు. ఫోన్‌నే చేతిలో పట్టుకుని కంట్రోలర్‌గా వాడొచ్చు, ఆడపిల్లలూ మగపిల్లలూ ఇద్దరూ ఇష్టపడతారు. కానీ కైనెక్ట్ లేకుండా ఆడితే అది చూసేది ఫోను పట్టుకున్న ఒక్క చెయ్యినే. సోఫాలో కూర్చుని ఆ చెయ్యి ఊపినా మార్కులొస్తాయి. మీరు పక్కన నిలబడి డాన్స్ చేస్తుంటే వాళ్ళూ నిలబడి చేస్తారు. లేకపోతే చెయ్యి మాత్రమే ఆడుతుంది.

తలకి పెట్టుకునే వీఆర్ సెట్ల గురించి పెద్దగా చెప్పను. మెటా కంపెనీ తన క్వెస్ట్ సెట్టుని పదేళ్ళలోపు పిల్లలకి వద్దంటోంది. పైగా కళ్ళు మూసుకుపోయి ఉండే ఆటలో మనం పిల్లాడితో కలిసి ఆడలేం. ఇంట్లో పిల్లలకి ఇది నేను సిఫారసు చేయను.

బయటికి తీసుకెళ్ళే గేము

పోకెమాన్ గో మన దేశంలోకి 2016 డిసెంబరులో వచ్చింది. గేములో దొరికే గుడ్లు మనం నడిస్తేనే పొదుగుతాయి: కొన్ని 2 కిలోమీటర్లకి, కొన్ని 5కి, కొన్ని 10కి. బండి మీద వేగంగా వెళ్తే ఆ దూరం లెక్కలోకి రాదు. ఫోన్ జేబులో ఉన్నా అడుగులు లెక్కపెట్టే సదుపాయం ఉంది. దాన్ని ఆన్ చేసి పెట్టండి, పిల్లలు తెర చూస్తూ నడవాల్సిన అవసరం తగ్గుతుంది.

మన రోడ్ల మీద మాత్రం ఇది ఆడించవద్దు. ఫుట్‌పాత్ ఉన్నచోట బండ్లు పార్క్ చేసుంటాయి, లేనిచోట బస్సులు ఒరుసుకుంటూ పోతాయి. ఈ విషయంలో మా ఇంట్లో ఒక్క నియమం, దానికి మినహాయింపు లేదు: పార్కు గేటు లోపలే, పెద్దవాళ్ళు పక్కన ఉంటేనే. ఆదివారం పొద్దున్నే కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌కి వెళ్తాం. మీకు దగ్గరైతే ఇందిరా పార్కు, సంజీవయ్య పార్కు, కేబీఆర్ పార్కు. అకౌంటు పిల్లల పేరుతో తల్లిదండ్రుల నియంత్రణలో ఉండేలా తెరవండి, డబ్బు పెట్టి కొనే సదుపాయాన్ని ఫోనులో ఆపేయండి.

నాకు ఇందులో నచ్చింది ఒక్కటే. బాబు గుడ్డు పొదగడానికి నడుస్తాడు, పాప వాడి వెంట పరిగెడుతుంది, మేమిద్దరం ఫోన్లు లేకుండా మాట్లాడుకుంటూ నడుస్తాం. నెల తిరిగాక వాడు ఫోన్ అడగకుండా కూడా రావడం మొదలుపెట్టాడు. వారం మధ్యలో మాత్రం ఇది కుదరదు, అప్పుడు హాల్లో కైనెక్టే.

అడుగులు లెక్కపెట్టే బ్యాండ్ చేతికి కడితే ఏమౌతుందని అడిగేవాళ్ళున్నారు. ఇంట్లో నలుగురూ కట్టుకుని వారం లెక్క పలకమీద రాసుకుంటే అదీ ఒక ఆటే. పిల్లాడొక్కడికే కడితే అది నిఘాలా అనిపిస్తుంది వాడికి. కేలరీలు చూపించే తెరని మాత్రం ఆఫ్ చేయండి. పదేళ్ళ పిల్లలు తిన్నదీ కరిగిందీ లెక్కపెట్టుకుని దిగులుపడకూడదు. బరువు చూసి పేరు పెట్టే గేములు కూడా వద్దు. 2008లో వీ ఫిట్ అనే గేము బ్రిటన్‌లో పదేళ్ళ అమ్మాయిని లావని చెప్పి, ఆ తర్వాత కంపెనీ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది.

తిండి నేర్పే గేములు

తిండి అలవాటు మార్చడం కోసమే పరిశోధకులు తయారుచేసిన గేములున్నాయి. హ్యూస్టన్‌లో చేసిన స్క్వయర్స్ క్వెస్ట్‌ని 1,500 మందికి పైగా నాలుగో తరగతి పిల్లలతో స్కూళ్ళలో ఆడించారు. ఐదు వారాల్లో పది సార్లు ఆడాక, ఆడని పిల్లలకంటే రోజుకి ఒక వడ్డన పళ్ళు, పళ్ళరసం, కూరగాయలు ఎక్కువ తిన్నారని 2003లో ప్రచురించారు. తర్వాత వచ్చిన ఎస్కేప్ ఫ్రమ్ డయాబ్, నానోస్వార్మ్ అనే గేముల్లో పెరిగింది వడ్డనలో మూడింట రెండొంతులు. కదలికలో, బరువులో మార్పు రాలేదు. అంటే తిండి గేము తిండినే మారుస్తుంది, ఒంటిని కదిలించదు. రెండూ కావాలంటే రెండు వేరువేరు ప్రయత్నాలు చేయాలి.

ఆ గేములు మన బెండకాయ, దొండకాయ, గోంగూర కోసం చేసినవి కావు. కానీ అవి ఎందుకు పనిచేశాయో చూడండి. గేము మధ్యలో పిల్లలు రేపు ఏ కూర తింటామో తామే ఎంచుకుని ఒప్పుకుంటారు, మర్నాడు వచ్చి తిన్నామో లేదో చెబుతారు. ఈ పద్ధతిని మనం ఇంట్లోకి తెచ్చుకోవచ్చు, దానికి యాప్ అక్కర్లేదు. మేం ఫ్రిజ్ మీద ఒక చార్ట్ అంటించాం. ఆదివారం కూకట్‌పల్లి రైతు బజార్‌కి వెళ్ళినప్పుడు ఇద్దరూ చెరొక కూరగాయ ఏరుకోవాలి. ఏరిన కూరకి ఒక పాయింటు, కడగడానికీ వలవడానికీ సాయం చేస్తే ఒకటి, పళ్ళెంలో వేసుకుని రుచి చూస్తే రెండు. నచ్చకపోయినా రుచి చూస్తే పాయింట్లు ఇచ్చేస్తాం. కొత్త కూరని ఎనిమిది పదిసార్లు రుచి చూశాక గానీ పిల్లలకి అలవాటవదు, కాబట్టి మొదటిసారి ఉమ్మేసినందుకు తిట్టకూడదు. బీరకాయ మా బాబుకి ఆరోసారికి గొంతు దిగింది. ఇరవై పాయింట్లకి బహుమతిగా చాక్లెట్టూ ఇవ్వం, అదనపు టీవీ సమయమూ ఇవ్వం. వచ్చే ఆదివారం ఎక్కడికెళ్ళాలో వాళ్ళే నిర్ణయిస్తారు.

పళ్ళెంలో ఏది ఎంత ఉండాలో చూపించడానికి మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వేసిన పళ్ళెం బొమ్మ చాలు. 2024లో వచ్చిన వాళ్ళ ఆహార మార్గదర్శకాల్లో ఉంది. పళ్ళెంలో దాదాపు సగం కూరగాయలు, ఆకుకూరలు, పళ్ళే. ఆ బొమ్మని చార్ట్ పక్కన అంటించి, ఎవరి పళ్ళెం దానికి దగ్గరగా ఉందో రోజూ రాత్రి చూసుకుంటారు పిల్లలు. అదే సంస్థ తెచ్చిన న్యూట్రిఫై ఇండియా నౌ యాప్‌లో మన వంటకాల పోషకాలు చూసుకోవచ్చు. అది పిల్లల చేతికి కాదు, వంట చేసే మనకి.

ఉచిత గేముల్లో ఒక ప్రమాదం ఉంది. తినుబండారాల కంపెనీలే గేములు చేసి వదులుతాయి. నెదర్లాండ్స్‌లో పిల్లల మీద చేసిన ఒక ప్రయోగంలో, మిఠాయిల ప్రచారం కోసం చేసిన గేము ఆడిన పిల్లలే కాదు, పళ్ళ ప్రచారం కోసం చేసిన గేము ఆడినవాళ్ళు కూడా ఆ తర్వాత తీపి చిరుతిండే ఎక్కువ తిన్నారు. ఆట ముగిసే వేళకి ఎదురుగా ఏముందన్నదే ముఖ్యమని నేను దాన్నుంచి అర్థం చేసుకున్నాను. మా ఇంట్లో ఆట మొదలుపెట్టే ముందే జామకాయ ముక్కలు కోసి, మంచినీళ్ళ సీసా నింపి టేబుల్ మీద పెడతాను. చిప్స్ ప్యాకెట్ కంటికి కనపడదు.

చెమట పట్టిందని ఓఆర్ఎస్ పేరుతో అమ్మే తియ్యటి ప్యాక్ డ్రింకులు కూడా తాగించవద్దు. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు దీనిమీద ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, అసలు ఓఆర్ఎస్ సూత్రం ప్రకారం లేని డ్రింకులమీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. అరగంట ఆటకి మంచినీళ్ళు సరిపోతాయి. ఎండాకాలమైతే పల్చటి మజ్జిగ ఇవ్వండి.

మీ ఇంటికి ఏది

ఐదారేళ్ళ పిల్లలకి టీవీలో పాటలు, పక్కన మీరు. ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ పిల్లలుండి, హాలు ఎనిమిదడుగులు దాటితే సెకండ్ హ్యాండ్ కైనెక్ట్. హాలు చిన్నదైనా, కింది ఫ్లాట్‌తో ఇబ్బందైనా, డబ్బు పెట్టగలిగితే రింగ్ ఫిట్, కానీ రోజూ దాంతో పందెం కట్టే పెద్దమనిషి ఇంట్లో ఉంటేనే. తాతయ్య, నానమ్మలతో కలిసి ఆడాలన్నది మీ కోరికైతే స్విచ్ స్పోర్ట్స్. దాన్ని వ్యాయామం కింద లెక్కకట్టకండి, ఆ గంటకి వేరే విలువ ఉంది. పార్కు నడిచివెళ్ళే దూరంలో ఉంటే కన్సోల్ కంటే ముందు పోకెమాన్ గో. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరే తల్లిదండ్రులైతే ఖరీదైనదేదీ ఇప్పుడే కొనవద్దు. ఫ్రిజ్ మీద చార్ట్, శని, ఆదివారాల్లో పార్కు, వారం మధ్యలో రెండు రోజులు పావుగంట డాన్స్. అంతమాత్రం నిలబడ్డాక మిగతాది ఆలోచించవచ్చు.

పిల్లలకి ఆయాసం, ఉబ్బసం, గుండె సమస్య లాంటివి ఉన్నా, బరువు వల్ల మోకాళ్ళ నొప్పులున్నా మొదలుపెట్టే ముందు డాక్టర్ని అడగండి. మా బాబుకి చలికాలంలో పిల్లికూతలు వస్తాయి. ఆ నెలల్లో గెంతే ఆటలు ఎంతసేపు ఆడించాలో, ఇన్‌హేలర్ ఎప్పుడు వాడాలో మా డాక్టరుగారు కాగితం మీద రాసిచ్చారు. అది టీవీ పక్కనే అంటించి ఉంది.